కారిడార్‌లో రాసిన చీటీ: ఒక పీజీ వైద్యురాలి కేసు

ఈ కేసు నా పొరపాటుతో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే రాస్తాను. ఓపీ ముగించుకుని లిఫ్టు వైపు నడుస్తుంటే ప్రసూతి విభాగం పీజీ ఒకామె ఎదురొచ్చింది. రెండో సంవత్సరం. రిఫరల్ కేసులు తీసుకుని మా మానసిక వైద్య విభాగానికి వచ్చినప్పుడు చూసిన ముఖమే. "సార్, మూడు వారాలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఏదైనా రాస్తారా?" అంది. "డ్యూటీలు ఎక్కువా అమ్మా?" అన్నాను. "అవును సార్" అని నవ్వింది. జేబులోంచి ప్యాడ్ తీసి, గోడకు ఆనించి, ఐదు రోజులకు నిద్రమాత్ర రాసి ఇచ్చాను. అంతా కలిపి నిమిషంన్నర. ఎక్కాల్సిన లిఫ్టు కూడా తప్పిపోలేదు.

అదే మాటతో పల్లె నుంచి ఒక కూలీ వచ్చి ఉంటే కూర్చోబెట్టేవాణ్ని. ఆకలి ఎలా ఉంది, బరువు తగ్గారా, తెల్లవారుజామునే మెలకువ వస్తోందా, బతకాలని అనిపిస్తోందా అని వరసగా అడిగేవాణ్ని. హౌస్ సర్జన్లకు ఆ వరస నేర్పేది నేనే. ఆమెను ఒక్కటీ అడగలేదు. సాటి వైద్యురాలిని నిలబెట్టి అలాంటివి అడగడం అమర్యాద అనిపించింది కాబోలు. ఆ మర్యాద వల్ల ఆమెకు జరిగిందల్లా మామూలు రోగికి దొరికే పరీక్ష దొరక్కపోవడం.

ఇది ఆమె చదివి, ఒప్పుకున్నాక రాస్తున్న కథనం. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మారిస్తే అర్థం చెడిపోతుందనుకున్న వాటిని ఆమె అనుమతితో అలాగే ఉంచాను. రెండుచోట్ల ఆమే నా వాక్యాలు కొట్టేసి తన వాక్యాలు రాసింది.

వయసు 28. తండ్రి ఒక చిన్న పట్టణంలో దర్జీ. ఆ వీధిలో డాక్టరైన మొదటి మనిషి. లోగడ మానసిక సమస్యలేవీ లేవు, మద్యం అలవాటు లేదు. తండ్రి చెల్లెలికి ఒకప్పుడు "మనసు బాగాలేక" రెండేళ్లు మందులు వాడిన సంగతి ఆమెకు ఎంబీబీఎస్ అయ్యాక గానీ తెలియలేదు. ఇళ్లలో ఇలాంటివి మనతో చివరికి చెబుతారు.

ఆగస్టులో ఒక రాత్రి ఆమె డ్యూటీలో ఒక బాలింత చనిపోయింది. వేరే ఆసుపత్రిలో కాన్పయి, రక్తస్రావం ఆగక, 108లో ఇక్కడికి చేరేసరికే హిమోగ్లోబిన్ నాలుగున్నర. గర్భసంచి బిగుసుకోవడం లేదు. ఆక్సిటోసిన్, మిసోప్రోస్టాల్, ట్రనెక్సామిక్ యాసిడ్, రక్తస్రావం ఆపడానికి గర్భసంచిలో పెట్టే బెలూన్... చేయాల్సినవన్నీ వరసలోనే చేసింది. సీనియర్ పక్క థియేటర్‌లో సిజేరియన్‌లో ఉన్నారు. రక్తం సంచి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. నాలుగు దాటాక బాలింత ప్రాణం పోయింది. బంధువులు లేబర్ రూమ్ తలుపులు తోసుకుని వచ్చారు. ఒకాయన ఆమె ఏప్రన్ పట్టుకుని లాగాడు. సిస్టర్లు ఆమెను తమ గదిలోకి నెట్టి గడియ పెట్టారు.

పావుగంట తర్వాత ఆమె బయటికొచ్చి తెల్లవారేలోపు మరో రెండు కాన్పులు చేసింది. "ఇంటికి వెళ్లు" అన్నవాళ్లు లేరు. ఉదయం రౌండ్స్‌లో యూనిట్ చీఫ్ రోగుల ముందే "నీ చేతుల్లో పోయింది" అన్నారు. ఎవరినీ తప్పుపట్టకుండా లోపం ఎక్కడ జరిగిందో వెతకాలన్నది ప్రసూతి మరణాల సమీక్షకు మూలసూత్రం. ఆ వారం జరిగిన సమావేశంలో మాత్రం కుర్చీలన్నీ ఒకవైపు, ఆమె ఒకవైపు. ఆ చీఫ్ చెడ్డవారని నేననుకోవడం లేదు. ఆయన పీజీగా ఉన్నప్పుడు ఆయననూ అలాగే అని ఉంటారు.

నన్ను కారిడార్‌లో అడిగింది ఇది జరిగిన మూడు వారాలకు.

మరో మూడు వారాలకు, ఒక గురువారం సాయంత్రం, లేబర్ రూమ్ హెడ్ సిస్టర్ నాకు ఫోను చేసింది. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి, అనవసరంగా ఫోను చేసే రకం కాదు. "సార్, మా డాక్టరమ్మ ఈ రోజు మరీ ప్రశాంతంగా ఉంది. నాకెందుకో భయంగా ఉంది" అంది. వివరం అడిగాను. లాగ్‌బుక్ ఏ పీజీకైనా ఎప్పుడూ బకాయే, పరీక్షల ముందు గానీ నిండదు. ఈమె మాత్రం ఏడాదిన్నర కేసులు రెండు రాత్రుళ్లు కూర్చుని నింపి సంతకాల కోసం తిరిగిందట. మెస్ బాకీ తీర్చేసింది. తన స్టెతస్కోపు ఒక హౌస్ సర్జన్‌కు ఇచ్చి "ఉంచుకో, నాకు ఇంకోటి ఉంది" అంది. ఇంకోటి లేదని సిస్టర్‌కు తెలుసు. వార్డులో తన పేషెంట్ల కేస్ షీట్లన్నీ సర్ది, ఎవరికి ఏ పరీక్ష రావాలో జూనియర్‌కు కాగితం మీద రాసిచ్చింది. ఆరు వారాలుగా ముఖంలో కళ లేని పిల్ల ఆ రోజు అందరినీ పేరుపేరునా పలకరిస్తోంది.

నేను బోర్డు మీద గీసి చెప్పే ప్రమాద సంకేతాలన్నీ ఆ సిస్టర్ ఏ పాఠమూ వినకుండానే పట్టుకుంది. "ఆమెను ఒంటరిగా వదలకండి, ఏదో వంకతో మీ దగ్గరే కూర్చోబెట్టండి, వస్తున్నాను" అన్నాను.

ఈసారి ఓపీ చీటీ తీయించాను. పేరు, వయసు, ఓపీ నంబరుతో కేస్ షీటు తెరిచాను. పీజీలను నువ్వు అనడం మా దగ్గర అలవాటు. ఆ రోజు మీరు అన్నాను, ఓపీలో రోగులను అనేది అలాగే కాబట్టి. ఫోను పక్కన పెట్టి, గది తలుపు వేసి, "మీకేమవుతోందో చెప్పండి" అన్నాను.

ఆమె కేసు చెప్పడం మొదలుపెట్టింది. "ఇరవై ఎనిమిదేళ్ల అవివాహిత, ఆరు వారాలుగా నిద్రలేమి, ఆకలి మందగింపు, ఏడు కిలోల బరువు తగ్గుదల. భ్రమలు లేవు, భ్రాంతులు లేవు, ఆత్మహత్య ఆలోచనలు లేవు." పరీక్ష హాల్లో ఎగ్జామినర్ ముందు నిలబడ్డట్టు, తన గురించి కాకుండా ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు. వైద్యులను చూసేటప్పుడు ఇదొక చిక్కు. ఏ జవాబుకు మనం ఏ గడిలో టిక్కు పెడతామో వాళ్లకు ముందే తెలుసు. నేను అడగకముందే ఆమె లేవని చెప్పిన చివరి మాట దగ్గరే ఆగాను.

"అది నేనింకా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?"

టేబుల్ మీద డిప్రెషన్ తీవ్రత కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితం ఉంది. అందులో తొమ్మిదో ప్రశ్న కూడా అదే. ఆమె అప్పటికే సున్నా చుట్టి ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత సున్నా కొట్టేసి మూడు చుట్టింది. దాదాపు ప్రతిరోజూ అని దాని అర్థం. మొత్తం స్కోరు 27కు 22.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది వైద్యులకే భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్నవాళ్లకు దించుకునే చోటు దొరుకుతుంది. ఆమె అప్పుడు ఏడ్చింది, ఆ రాత్రి తర్వాత మొదటిసారి. ఎలా, ఎప్పుడు అన్నది కూడా నిర్ణయించుకుని ఉంది. ఆ వివరం ఇక్కడ రాయను. చదివేవారిలో అలాంటి రాత్రి గడుపుతున్నవారు ఉండవచ్చు. వైద్యులకు మందుల గురించిన జ్ఞానం, అవి చేతికందే వీలు రెండూ ఉంటాయి కాబట్టి వాళ్ల విషయంలో రేపు చూద్దామనడానికి లేదన్నంతవరకు చెబితే చాలు.

చేరాలి అన్నాను. ఒప్పుకోవడానికి గంటన్నర పట్టింది. అందులో మందుల గురించి మాట్లాడింది తక్కువ, మూడు భయాల గురించి ఎక్కువ.

మొదటిది, రిజిస్ట్రేషన్ పోతుందేమోనని. డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నందుకు రిజిస్ట్రేషన్ పోయిన వైద్యుణ్ని నా ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో చూడలేదు, అదే చెప్పాను. చికిత్స తీసుకోకపోవడం వల్ల ప్రాణం కోల్పోయినవాళ్లను ఇద్దరిని చూశాను. అది ఆ రోజు చెప్పలేదు. రెండోది సీటు. మధ్యలో మానేస్తే లక్షల్లో బాండ్ డబ్బు కట్టాలి, కట్టాల్సింది కుట్టుమిషను తొక్కే తండ్రి. ఉండలేని చోటు నుంచి వెళ్లే దారికి కూడా డబ్బు అడ్డం పడితే మనసు మూడో దారి వెతుకుతుంది. ఈ బాండ్ పద్ధతి ఎత్తేయమని జాతీయ వైద్య కమిషన్ 2024లో రాష్ట్రాలను కోరిందంటే కారణం అదే. "సీటు వదిలేయమని ఎవరూ అనడం లేదు, సెలవు అడుగుతున్నాం" అన్నాను. మూడోది సంబంధాలు. ఇంట్లో చూస్తున్నారు. "పిచ్చాసుపత్రిలో చేర్చారని తెలిస్తే నాన్న తలెత్తుకోలేడు సార్." దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆమె చికిత్స వివరాలు గోప్యమని చెప్పగలిగాను. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలే తప్ప నేరస్థులుగా చూడకూడదని కూడా చెప్పాను. వీధిలో మాట మాత్రం ఏ సెక్షన్ కిందికీ రాదు.

మా వార్డులో చేర్చలేదు. అక్కడ డ్యూటీ చేసేది ఆమె బ్యాచ్‌మేట్లే. కేస్ షీటు రాసే పీజీ, నిన్న ఆమెతో కలిసి మెస్‌లో తిన్న పీజీ ఒకరే అయితే గోప్యతకు అర్థమే లేదు. వేరే ఊళ్లో ఉన్న నా మిత్రుడి ఆసుపత్రిలో, తన ఇష్టంతోనే, సొంత సంతకంతో చేరింది. ఆ రాత్రి కారులో వెనక సీట్లో హెడ్ సిస్టర్ ఆమె పక్కన కూర్చుంది. మధ్యలో ఒకచోట ఆపి ఇడ్లీ తినిపించింది. ఆరు వారాల్లో ఆమె ఆకలితో తిన్న మొదటి తిండి అదేనట.

తండ్రి తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. "సీటుకేమన్నా అవుతుందా సార్?" అన్నది మొదటి మాట. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అంతా విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సీటు గురించి అడిగానని అమ్మాయికి చెప్పకండి సార్" అన్నాడు. నా కోపం పోయింది.

పరీక్షల్లో థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 8.4. రోజుకు వందమంది గర్భిణులకు ఐరన్ మాత్రలు రాసే డాక్టరమ్మది! ఇనుము నిల్వలు అడుగంటి ఉన్నాయి, సూదిమందు ద్వారా ఎక్కించాల్సి వచ్చింది. హుషారు మితిమీరిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయేమోనని బైపోలార్ కోణంలో తండ్రిని, అన్నను విడివిడిగా అడిగాం. లేవన్నారు. రోగనిర్ధారణ: తీవ్రమైన డిప్రెషన్, సైకోటిక్ లక్షణాలు (భ్రమలు, భ్రాంతులు) లేవు. ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకు 15 చేశాం. తిండి మానేస్తే ఈసీటీ (కరెంటు చికిత్స) ఇద్దామని మిత్రుడూ నేనూ అనుకున్నాం. నాలుగో రోజు నుంచి తినడం మొదలుపెట్టింది కాబట్టి ఆ అవసరం రాలేదు. పదకొండు రోజులకు డిశ్చార్జి. మందులు వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి తండ్రి దగ్గర ఉంచాం. మందు పనిచేయడం మొదలైన తొలి వారాల్లో దిగులు తగ్గకముందే శక్తి పుంజుకునే ప్రమాదం ఉంటుందని ఆయనకు ఆయన భాషలో చెప్పాను. "మిషను బాగయ్యేలోపే కరెంటు వస్తే వేలు పోతుంది, అంతేగా సార్" అన్నాడు. అంతే.

మందులతో నిద్ర, ఆకలి దారిలో పడ్డాయి. ఆ రాత్రి మాత్రం కదల్లేదు. మూడో వారం ప్యాడ్ మీద ఒక వృత్తం గీసి, "ఆ మరణంలో మీ వాటా ఎంతో గీయండి" అన్నాను. ఆలోచించకుండా తొంభై శాతం నల్లగా నింపేసింది. "మిగతా కారణాలు సమీక్షలో రాసినట్టు రాయండి, ముందు వాటికి వాటాలు పంచండి. మీ వాటా చివర్లో" అన్నాను. గర్భంతో ఉన్నప్పుడే ఉన్న రక్తహీనత. మొదటి ఆసుపత్రిలో గడిచిన మూడు గంటలు. రక్తం లేకుండానే పంపడం. బ్లడ్ బ్యాంకులో యాభై నిమిషాలు. పక్క థియేటర్‌లో ఇరుక్కుపోయిన సీనియర్. ఇద్దరు పీజీలుండాల్సిన రాత్రి ఒక్కరే ఉండటం. ఒక్కొక్కటీ గీసుకుంటూ వచ్చింది. చివరికి ఎనిమిది మిగిలింది. అదేమిటని అడిగాను. "బెలూన్ పెట్టాలన్న నిర్ణయం నేను ఇంకో ఐదు నిమిషాలు ముందు తీసుకోవాల్సింది." అది కూడా ఆ హడావిడిలో ఎవరికైనా జరిగేదేనని చెప్పబోయాను. "వద్దు సార్, ఆ ఎనిమిది నాదే. తీసేయకండి" అంది.

తీసేయలేదు. అన్నీ తీసేసి ఓదార్చాలన్నది మా వృత్తిలో ఉన్న ఒక చెడ్డ అలవాటు. నీ తప్పేమీ లేదంటే తన పని తెలిసిన మనిషి నమ్మదు, పైగా చెప్పినవాడి మీద నమ్మకం పోతుంది.

భద్రతా ప్రణాళిక రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె తన బ్యాగులోంచి ఖాళీ పార్టోగ్రాఫ్ కాగితం తీసింది. కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకూ గుర్తుపెట్టే చార్టు అది. దాని మీద అలర్ట్ గీత ఒకటి, దానికి నాలుగు గంటల దూరంలో యాక్షన్ గీత ఒకటి ఏటవాలుగా ఉంటాయి. గుర్తులు అలర్ట్ గీత దాటితే జాగ్రత్తపడాలి, యాక్షన్ గీతకు చేరితే ఏదో ఒకటి చేసి తీరాలి. "ఇదే పద్ధతి నాకూ పెట్టండి సార్" అంది. నేను తెచ్చిన అచ్చు ఫారం పక్కన పెట్టేశాను.

అలర్ట్ గీత దగ్గర తన మాటల్లోనే రాసుకుంది: వరసగా రెండు రాత్రులు నాలుగు గంటల లోపే నిద్ర, అమ్మ ఫోను ఎత్తబుద్ధి కాకపోవడం, లాగ్‌బుక్ మొత్తం ఒకేసారి పూర్తి చేయాలనిపించడం. చివరిది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. దాటితే హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండకూడదు, హెడ్ సిస్టర్‌కు ఫోను చేయాలి, అది ఏ వేళైనా సరే. యాక్షన్ గీత దగ్గర నా నంబరు, అన్న నంబరు, మేమిద్దరం ఎత్తకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416. అది ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. కింద గదిలో ఏమేమి ఉండకూడదో రాసుకుంది. అన్న వచ్చి ఆ గది ఖాళీ చేశాడు. రోజూ రాత్రి ఒక చుక్క పెట్టాలి.

ఇంతవరకూ వైద్యం. తర్వాతిది మా డాక్టర్లకు వైద్యం కన్నా కష్టం.

రోగనిర్ధారణ రాయకుండా తొమ్మిది వారాల వైద్య సెలవు ఇచ్చాను. ఆఫీసులో "ఏ జబ్బో రాయలేదేం?" అన్నారు. రాయనక్కర్లేదని రెండుసార్లు వెళ్లి చెప్పాల్సి వచ్చింది. ఆమె అనుమతితో యూనిట్ చీఫ్‌ను కలిశాను. జబ్బు పేరు చెప్పకుండా డ్యూటీల పట్టిక ముందు పెట్టి, ఆ ఆగస్టులో ఆమె వారానికి ఎన్ని గంటలు పనిచేసిందో కూడమన్నాను. ఒక వారం 96 తేలింది, అందులో ఏకబిగిన 36. పీజీల్లాంటి రెసిడెంట్ వైద్యులకు రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే రెసిడెన్సీ పథకంలో చెప్పింది. మూడు దశాబ్దాలు దాటినా అది కాగితం మీదే ఉంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ వాస్తవానికి కాస్త దగ్గరగా దిగివచ్చి, వారానికి 74 గంటలు దాటవద్దని, వారంలో ఒకరోజు సెలవుండాలని సిఫార్సు చేసింది. దాని సర్వేలో 5,337 మంది పీజీలు జవాబిచ్చారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవారు 31 శాతం పైగా. చీఫ్ ఆ అంకె విని, "మా యూనిట్లో ఆరుగురు" అన్నారు, లెక్క వేసుకుంటున్నట్టు. ఆ తర్వాత ఆయన నాతో వాదించలేదు.

తిరిగొచ్చాక మొదటి మూడు నెలలు రాత్రి డ్యూటీ లేకుండా, పగటిపూట గర్భిణుల ఓపీ మాత్రమే. ఇది చదవడానికి బాగుంటుంది. ఆమె రాత్రులు ఎవరో ఒకరు చేయాలి కదా, ఆ ఎవరో మిగిలిన ఐదుగురు. "ఆమెకు పగళ్లు, మాకు రాత్రులా" అని ఒక పీజీ నా గదికే వచ్చి అడిగాడు. అతని కళ్ల కింద కూడా నల్లగా ఉంది. ఒకరిని కాపాడే భారం అంతే అలసిన ఐదుగురి మీద వేశానన్నది నిజం. అదనంగా మనుషుల్ని ఇవ్వడం నా చేతుల్లో లేదు. నా చేతుల్లో ఉన్నది అతన్ని కూర్చోబెట్టడం. ఓపీ చీటీ తీయించి, కేస్ షీటు తెరిచి, అన్నీ అడిగాను. అతనికి డిప్రెషన్ లేదు, నిద్ర లేదంతే. అయినా అడిగాను.

ఐదో నెలలో మరో ప్రసూతి మరణ సమీక్ష పెట్టారు. ఆమె కేసు కాదు, హాజరు కావాలంతే. ఆ రాత్రి రెండింటికి హెడ్ సిస్టర్‌కు ఫోను చేసి, "అలర్ట్ గీత దాటాను సిస్టర్" అంది. సిస్టర్ ఆటోలో హాస్టల్‌కు వెళ్లి తన ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టింది. ఉదయం నాకు చెప్పారు. ఆ వారం రెండుసార్లు చూశాను, మందు 20కి పెంచాను. యాక్షన్ గీత వరకూ వెళ్లలేదు.

ఇప్పటికి పదహారు నెలలు. పీహెచ్‌క్యూ-9 స్కోరు మూడుసార్లుగా అయిదు లోపే ఉంది. పూర్తిగా కోలుకున్నాక తొమ్మిది నెలలు మందు కొనసాగించి, పోయిన నెల నుంచి తగ్గిస్తున్నాం. కోర్సు రెండు నెలలు వెనకబడింది. సంబంధాల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు, ఆమె కూడా ఎత్తడం లేదు. రాత్రి డ్యూటీలు చేస్తోంది. ఈ నెల పట్టిక అడిగి చూశాను. ఇద్దరుండాల్సిన రాత్రులు తొమ్మిదింటిలో ఒక్కరి పేరే ఉంది. పార్టోగ్రాఫ్ కాగితాలు అయిపోయాయని పోయినసారి కొత్త కట్ట తెచ్చుకుంది.